బండి ఎవరి పేరున?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఇది సెకండ్ హ్యాండ్ కారు గురించి. హాస్టల్ పిల్లలకి కారెందుకు అని నవ్వకండి. కారు మా కోసం కాదు, మా ఊరి కోసం.

మేము నలుగురం. మారేడుమిల్లి పైన ఒకే ఊరి కొండరెడ్ల పిల్లలం. అమలాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా నలుగురి ఇళ్లలోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. అందుకే ఊరికి ఏ కాయితం వచ్చినా ఫొటో తీసి మాకే పంపుతారు. మేము చదివి చెప్పాలి. కారు పని కూడా అలాగే మా మీద పడింది.

మా ఊరి నుంచి తారు రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు కాలిబాట. ఫోన్ చేయాలంటే గుట్ట ఎక్కాలి. పోయిన వానాకాలం మా పిన్నికి నొప్పులొస్తే రాత్రి డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. మోత గంటన్నర. అక్కడ బండి దొరకడానికి మూడు గంటలు. పిన్ని బతికింది, బిడ్డ దక్కలేదు. డోలీ మోసిన వాళ్లలో మాలో ఒకడి నాన్న ఉన్నాడు. ఆయన ఒకటే మాటన్నాడు: "మోయడం మన చేతిలో ఉంది. రోడ్డు మీద కూర్చోవడమే మన చేతిలో లేదు."

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు పెద్దకాపు ఇంటి ముందు అందరూ కూర్చున్నారు. 11 కుటుంబాలు. చింతపండు, కొండచీపుర్లు, జీడిపిక్కలు అమ్మిన డబ్బులు, కూలి డబ్బులు కలిపి 1,42,000 రూపాయలు పోగయ్యాయి. రోడ్డు పక్క ఊళ్లో మా మామ ఇంటి దగ్గర ఒక బండి ఉంచాలి, రోగి రోడ్డు దాకా వస్తే చాలు, బయల్దేరిపోవాలి. "కోనసీమలో కార్లు ఎక్కువంట కదా, మీరే చూడండి" అని మాకు అప్పజెప్పారు.

కోనసీమలో కార్లు ఎక్కువే. గల్ఫ్ వెళ్లి వచ్చినవాళ్లు కొంటారు, మళ్లీ వెళ్లేటప్పుడు అమ్ముతారు. కానీ మాకు కార్ల గురించి ఏం తెలుసు? మాలో ఒక్కడికే బైక్ నడపడం వచ్చు. అమలాపురంలో ఒక మెకానిక్ బాబాయిని పట్టుకున్నాం. ఆదివారాలు ఆయన షెడ్‌లో కూర్చుని నేర్చుకున్నాం. ఆయన మొదటి మాట: "కారు ముందు చూడకండర్రా. పని ముందు చూడండి. మీకు ఏం పని చేయాలి బండి?"

కాయితం మీద రాసుకున్నాం. మనిషి పడుకోవాలి. పక్కన ఇద్దరు కూర్చోవాలి. ఘాట్ ఎక్కాలి. చిన్న ఊరి మెకానిక్ కూడా బాగు చేయగలగాలి. సామాన్లు చవగ్గా దొరకాలి. ఇది రాశాక సగం బండ్లు వాటంతటవే పోయాయి. ఆల్టో మంచిదే, మైలేజీ ఇస్తుంది, కానీ మనిషిని పడుకోబెట్టలేం. బొలెరో మా దారులకి సరిగ్గా సరిపోతుంది, కానీ మా డబ్బులకి వచ్చేవన్నీ ఇంజిన్ పని అడిగేవే. ఈకో బాగుంది, ధర అందలేదు. సీఎన్‌జీ కారు అన్నారు కొందరు. గ్యాస్ బావుల సీమలో అది నడుస్తుంది, కొండ మీద మాకు బంకేదీ? పైగా వెనక సిలిండర్ ఉంటే పడుకునే చోటు పోతుంది. చివరికి మిగిలింది మారుతీ ఓమ్నీ. 796 సీసీ పెట్రోల్ ఇంజిన్, పక్కకి జరిగే తలుపులు, వెనక సీటు తీస్తే చాప పరిచినంత జాగా. 2019లో కంపెనీ దీన్ని ఆపేసింది, భద్రత నిబంధనలు మారాయి కాబట్టి. అది కూడా దాచకుండా చెప్తున్నాం: ఓమ్నీకి ముందు ముక్కు ఉండదు, గుద్దుకుంటే దెబ్బ నేరుగా డ్రైవర్ కాళ్లకే. మెల్లగా నడిపే పనికే ఇది.

ఓమ్నీ అనుకునే ముందు ఒక పెద్ద తప్పు చేయబోయాం, అదీ చెప్పాలి. రావులపాలెం వైపు ఒక వ్యాగనార్ వచ్చింది. ధర 1,25,000. తళతళలాడుతోంది. లోపల అగరొత్తుల వాసన. మేము పడిపోయాం. బాబాయి ఏమీ మాట్లాడకుండా సీటు బెల్టుని చివరంటా లాగాడు. చివర్లో మట్టి రంగు గీత. ఆ తర్వాత కార్పెట్ ఎత్తితే ఒండ్రు, సీటు పట్టాల కింద తుప్పు. "ఆయ్, ఇది ఈత కొట్టిన బండి" అన్నాడు.

ఆ గీత మాకు తెలుసు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అప్పుడు కూనవరం, వీఆర్ పురం, చింతూరు మునిగాయి. మా అత్తోళ్ల ఇంటి గోడ మీద అదే రంగు గీత ఇప్పటికీ ఉంది. ఆ నీళ్లే కిందకొచ్చి కోనసీమ లంకల్ని ముంచాయి. మనవాళ్ల ఇళ్లు ముంచిన నీళ్లే ఇక్కడ కారులోనూ దూరాయి. గోడకి సున్నం వేస్తే గీత పోదు, కారుకి పాలిష్ పెట్టినా పోదు. మునిగిన బండికి వైర్లలో తుప్పు నెమ్మదిగా పాకుతుంది, ఏడాది తర్వాత ఘాట్ మధ్యలో ఆగుతుంది. కాబట్టి కోనసీమలో కారు కొనేవాళ్లు ముందు బెల్టు లాగి చూడండి.

రెండో ముప్పు ఉప్పు గాలి. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్తే బండి పైన బాగుంటుంది, అడుగు తినేసి ఉంటుంది. పడుకుని కింద చూడాలి. స్క్రూడ్రైవర్‌తో తట్టాలి. టంగుమంటే ఇనుము, బొద్దుగా మోగితే తుప్పు.

ఓమ్నీ చివరికి కొత్తపేట దగ్గర దొరికింది. 2014 బండి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అంటే 2029 దాకా ఉంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టి పొడిగించుకోవాలి. పొద్దున్నే వెళ్లాం, ఎందుకంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి ఉంచితే ఏదో దాస్తున్నట్టు. ముందు సీటు ఎత్తితే ఇంజిన్ అక్కడే. ఆయిల్ మూత తీసి చూశాం. లోపల మజ్జిగ నురగలా ఉంటే ఆయిల్లో నీళ్లు కలిసినట్టు, లేదు. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు, రాలేదు. ఒక్కటే చిక్కు: కోనసీమలో కొండ లేదు, ఎక్కించి చూడ్డానికి! బాబాయి నవ్వి బోడసకుర్రు వంతెనకి తీసుకెళ్లాడు. వంతెన ఎక్కే చోట ఐదుగురం కూర్చుని, మధ్యలో ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, మళ్లీ లాగించాడు. క్లచ్ జారింది. ఆ ఒక్క మాట మీద 1,30,000 చెప్పింది 1,12,000కి వచ్చింది.

ఖర్చు లెక్క ఇదీ. వెనక టైర్లు రెండు 5,600. బ్యాటరీ 3,400. క్లచ్ 4,300. ఇన్సూరెన్స్ 2,900. పేరు మార్పు, పాత చలాన్లు 1,900. ఇంటి దాకా పెట్రోల్, దారి ఖర్చు 1,800. మొత్తం 1,31,900. మిగిలిన 10,100 రిపేర్ల కోసం ఉంచాం. మన దగ్గరున్న డబ్బంతా బండి ధరకే పెట్టకూడదు.

ఇక్కడి దాకా బాగానే ఉంది. అసలు కష్టం తర్వాత వచ్చింది. బండి ఎవరి పేరున రాయించాలి?

మన రాష్ట్రంలో చాలా పథకాలకి కుటుంబంలో ఎవరి పేరునా సొంత నాలుగు చక్రాల బండి ఉండకూడదని నిబంధన. టాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కి మినహాయింపు. ఓమ్నీకి తెల్లబోర్డు. 11 కుటుంబాల్లో ఎవరి పేరున రాసినా ఆ ఇంట్లో ముసలమ్మ పింఛను ఆగొచ్చు, పిల్లల డబ్బు ఆగొచ్చు. ఊరంతటి బండి కంప్యూటర్‌లో ఒక్క ఇంటి బండి అవుతుంది. పసుపు బోర్డు చేయిద్దామంటే పర్మిట్, ఫిట్‌నెస్, ఎక్కువ ఇన్సూరెన్స్, మాకు మోయలేని ఖర్చు.

అప్పుడు ఎవరో అన్నారు, "మీరు చదువుకున్నోళ్లు, మీలో ఒకరి పేరున రాయించుకోండి." మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా చదువు ఫీజు కూడా ఆ లెక్కల మీదే ఆధారపడి ఉంది. వద్దన్నాం. కార్పెట్లు ఎత్తి, కింద పడుకుని తుప్పు చూసినవాళ్లం, పేరు ఇవ్వమంటే వెనక్కి తగ్గాం. ఆ రోజు మాకు చాలా సిగ్గేసింది. పిన్ని పక్కనే కూర్చుని ఉంది. ఏమీ అనలేదు.

మా ఊరి అల్లుడు ఒకాయన ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. మేము బావ అంటాం. ప్రభుత్వ ఉద్యోగి, ఆయనకి ఎలాగూ ఆ పథకాలు రావు. ఆయన్ని అడిగితే వెంటనే ఊ అనలేదు. "రాత్రి కల్లు తాగి ఎవడో బండి తీశాడనుకోండి. ఎవరికో తగిలిందనుకోండి. కోర్టులో పిలిచేది నా పేరే కదరా" అన్నాడు. నిజమే. 2018లో సుప్రీం కోర్టు నవీన్ కుమార్ కేసులో అదే చెప్పింది: బండి చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, నష్టపరిహారం బాధ్యత వాళ్లదే. మేమే ఆయనకి అది చదివి వినిపించాం. దాచి సంతకం పెట్టించుకోవడం మాకు ఇష్టం లేదు.

రెండు రోజుల తర్వాత ఒప్పుకున్నాడు, షరతులతో. ఆ షరతులే ఇప్పుడు మా ఊరి కట్టుబాటు. కాయితం మీద 11 ఇళ్ల వేలిముద్రలు, సంతకాలు ఉన్నాయి. లైసెన్స్ ఉన్న ఇద్దరే నడపాలి. తాగితే తాళం ముట్టకూడదు. ఇన్సూరెన్స్ ఒక్క రోజు కూడా తెగకూడదు. కిరాయికి తిప్పకూడదు; తెల్లబోర్డు బండిలో చార్జీ తీసుకుంటే నేరం, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా తప్పించుకుంటుంది. రోగి ఇంటివాళ్ల దగ్గర డబ్బు అడగకూడదు, నెలకి ఇంటికి 100 రూపాయలు డబ్బాలో వేయాలి. బండి మాస్టారి పేరున ఉంది, సొత్తు అందరిదీ.

కొనే తమ్ముళ్లు కాయితాల సంగతి కూడా గుర్తుంచుకోండి. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి బండి వివరాలు చూడండి. ఫారం 29, 30 మీద అమ్మినాయన సంతకాలు తీసుకోండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు నో అబ్జెక్షన్, ఫారం 35 లేకుండా డబ్బివ్వకండి. పాత ఇన్సూరెన్స్ ఇంకా ఉంటే 14 రోజుల్లో పేరు మార్పుకి రాయండి. మాది అయిపోవచ్చింది కాబట్టి కొత్తదే తీసుకున్నాం. "పేరు తర్వాత మార్చుకుందాం లెండి" అనేవాడి దగ్గర కొనొద్దు.

బండి ఊరికి చేరి రెండు నెలలైంది. ఇప్పటికి నాలుగుసార్లు ఆసుపత్రికి వెళ్లింది. ఒకటి పాము కాటు, మనిషి బాగున్నాడు. ఘాట్‌లో రెండో గేరులోనే ఎక్కుతోంది, కానీ ఎక్కుతోంది. నాలుగు కిలోమీటర్ల డోలీ మాత్రం అలాగే ఉంది. దానికి రోడ్డు కావాలి, కారు సరిపోదు. రోడ్డు కోసం అర్జీ రాశాం, మళ్లీ రాస్తాం.

మీ ఊళ్లలో ఎవరైనా ఇలా కలిసి బండి కొన్నారా? ఎవరి పేరున రాయించారు? పథకాల చిక్కుకి ఇంకేదైనా దారి దొరికిందా? తెలిస్తే కింద రాయండి. మా బావ ఒక్కడి పేరు మీదే ఎన్నాళ్లు నిలబడాలి అన్నది మాకు ఇంకా తేలలేదు.

జై ఆదివాసీ.