కనిపించని అక్షరంతో కుస్తీ

పాలిటెక్నిక్ ఫైనలియర్ ప్రాజెక్టుల రోజుల్లో మా ల్యాబులో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఇంగ్లీషు ముక్క 'స్ట్రే \342 ఇన్ ప్రోగ్రామ్'. మట్టిలో తేమ తగ్గితే మోటారు వేసే పరికరం, ట్యాంకు నిండగానే మోగే అలారం, గ్యాస్ లీకైతే ఫోనుకు మెసేజ్ పంపే పెట్టె... పిల్లలు ఏది ఎంచుకున్నా లోపల ఉండేది దాదాపుగా ఆర్డ్యునో బోర్డే. ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో 2005లో పుట్టిన ఈ బోర్డును ఇంజినీర్ల కోసం కాదు, డిజైన్ చదువుకునే పిల్లల కోసం తయారుచేశారు. ఎలక్ట్రానిక్స్ రానివాళ్లు కూడా భయం లేకుండా వాడాలన్నది ఉద్దేశం. భయం పోయిందో లేదో గానీ, ఈ ఎర్రక్షరాల సందేశం చూస్తే మాత్రం మా పిల్లలకు చెమటలు పడతాయి.

'స్ట్రే అంటే వీధికుక్కే కదా సార్?' అని ఒక అమ్మాయి అడిగింది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల. ఆమె అర్థం చేసుకున్నది సరైనదే. ఎవరిదో తెలియని ప్రాణి ఒకటి ప్రోగ్రాములోకి దూరిందని కంపైలర్ మొర. చిక్కల్లా, ఆ ప్రాణి కంటికి కనిపించదు. లైనును ఎన్నిసార్లు చూసినా పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది.

ఆమె బ్యాచ్ వాళ్లు కొంత కోడును ఒక ప్రాజెక్టు సెంటర్‌లో కొన్నారు. అది వర్డ్ ప్రాసెసర్ ఫైలుగా వచ్చింది. కాపీ చేసి అతికించగానే ఎనభై తప్పులు. మర్నాడే రివ్యూ. 'నాకు ఇంగ్లీషు సరిగా రాదు కాబట్టే ఇన్ని తప్పులొస్తున్నట్టున్నాయి సార్. కోడింగ్ అబ్బాయిలు చూసుకుంటారు, నేను రిపోర్టు టైపు చేస్తాను' అంది. ఈ మాట నాకు కొత్త కాదు. ఏటా ఎవరో ఒకమ్మాయి ఇలా కోడు వదిలేసి రిపోర్టు పట్టుకుంటుంది. దానికి కారణం తెలివితక్కువతనం కాదు, ఒక ఖాళీ జాగా అని చెబితే ఎవరు నమ్ముతారు?

కానీ నిజం అదే. ఆ ఫైల్లో లైన్ల మొదట్లో ఉన్న ఖాళీలు మామూలు స్పేసులు కావు. లైను విరగకుండా పట్టి ఉంచే ప్రత్యేకమైన స్పేసులు. మామూలు స్పేసు సంఖ్య 32, దీనిది 160. చూపుకు రెండూ ఒకటే. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ రెండోది రెండు బైట్లుగా ఫైలులో చేరుతుంది. ఆర్డ్యునోలో వాడే కంపైలర్ ఒక్కో బైటుకూ ఒక్కో ఫిర్యాదు చేస్తుంది: 302, 240. ఇరవై లైన్లు, లైనుకు రెండు ఖాళీలు, ఖాళీకి రెండు ఫిర్యాదులు. ఎనభై లెక్క సరిపోయింది.

ఈ అంకెలు ఆక్టల్‌లో, అంటే ఎనిమిదుల లెక్కలో ఉంటాయి. మామూలు లెక్కలో 226 అక్కడ 342 అవుతుంది. ఎడిటర్లు నిలువు కొటేషన్ మార్కును అందం కోసం వంపు మార్కుగా మార్చేస్తే వచ్చేది ఈ 342యే. పొడుగు గీత, వెడల్పు లేని స్పేసు కూడా దాని సంతానమే. 342 కనిపిస్తే దొంగ ఏ ఊరివాడో తెలిసినట్టు. పేరు తెలియాలంటే పక్కనున్న రెండు సంఖ్యలు చూడాలి. 200, 234 అయితే ఎడమ కొటేషన్ మార్కు. 200, 213 అయితే వెడల్పు లేని స్పేసు. పిల్లలు ఈ సంఖ్యలు చదవరు. చివర్లో వచ్చే 'నాట్ డిక్లేర్డ్' అన్న మాటను పట్టుకుని, లేని వేరియబుల్ కోసం గంటలు వెతుకుతారు.

ఒక మామూలు స్పేసు పెట్టి, ఆ దొంగ స్పేసులన్నిటినీ 'రీప్లేస్' చేయిస్తే నిమిషంలో ఎనభైకి ఎనభై పోయాయి. కానీ ఇంకో మూడు కొత్తగా పైకి తేలాయి. 342, 200, 214.

దీన్ని చూసి నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఇది మన ఇంటి మనిషే. యూనికోడ్‌లో దీని సంఖ్య 8204. తెలుగులో పొల్లు పక్కన హల్లు వస్తే కంప్యూటర్ దాన్ని వత్తుగా మార్చేస్తుంది. 'రాజ్‌కుమార్' అని రాయబోతే 'రాజ్కుమార్' అవుతుంది, 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది. అలా కలిసిపోకుండా రెంటి మధ్యా నిలబడే కనిపించని గుర్తు ఇది. ఇది లేకుండా నేటి తెలుగు పేపరు ఒక్క పేజీ కూడా సరిగా రాదు. పర్షియన్ రాసేవాళ్లకూ ఇది నిత్యావసరమే.

ఆ అమ్మాయి తన కోడులో కామెంట్లు తెలుగులో రాసుకుంది. 'ఇక్కడ మోటార్‌' అంటూ ఒక లైను చివర మొదలుపెట్టి, అక్కర్లేదనుకుని చెరిపేసింది. అక్షరాలు పోయాయి, ముందున్న రెండు గీతలూ పోయాయి. చివరనున్న ఈ గుర్తు మాత్రం మిగిలింది. కనిపించనిదాన్ని చెరపాలని ఎవరికి తోస్తుంది? కామెంట్‌లో ఉన్నంతసేపూ కంపైలర్ దాని జోలికి రాలేదు. గీతలు పోగానే పట్టుకుంది.

పట్టుకునే చిట్కా ఒకటుంది. ఆ లైనులో కుడి బాణం మీటను నెమ్మదిగా ఒక్కొక్కసారే నొక్కుతూ పోవాలి. చాలా ఎడిటర్లలో ఒకచోట మీట నొక్కినా కర్సర్ కదలదు. దొంగ అక్కడే ఉన్నాడు. ఆమె చేతే నొక్కించాను. సెమికోలన్ దాటాక కర్సర్ ఒకసారి ఆగింది. 'ఇక్కడుంది సార్!' అని అరిచిన అరుపుకు పక్క బెంచీ వాళ్లు లేచి వచ్చారు.

సహోద్యోగి ఒకాయన ఇది విని, 'అందుకే కోడులో తెలుగు వద్దంటాను' అన్నారు. నేనొప్పుకోను. ఎనభై తప్పులు ఇంగ్లీషు కోడులోంచి వచ్చాయి, తెలుగు వాటా మూడు. పైగా కామెంట్లు 32 కిలోబైట్ల ఆ చిప్‌లోకి పోనే పోవు. అవి మనిషి కోసం. తేమ ఎంతకు తగ్గితే మోటారు వేయాలో, ఎందుకలా నిర్ణయించుకుందో ఆ పిల్ల తన భాషలో రాసుకుంటే, రివ్యూలో ఎవరు అడిగినా తడుముకోకుండా చెప్పగలుగుతుంది. మర్నాడు చెప్పింది కూడా.

రిపోర్టు టైపింగ్ బ్యాచ్‌లోని అబ్బాయి ఒకడికి దక్కింది. ఆమె ఇప్పటికీ కామెంట్లు తెలుగులోనే రాస్తోంది. కాకపోతే ప్రతిదాన్నీ విడిగా ఒక లైనులో పెడుతోంది, చెరపాలంటే లైను మొత్తం లేపేయొచ్చని.