నీళ్ళడగని పచ్చిక

వాకిలి ఊరివాళ్ళది, పెరడు ఇంటివాళ్ళది అనేవారు పెద్దలు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటల్లో ఇప్పుడు పెరడున్న ఇల్లు దీపం పెట్టి వెతికినా దొరకడం కష్టం. పాత ఇళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. బాదం చెట్లున్నచోట కార్లు నిద్రపోతున్నాయి. మా నాన్నగారు కట్టించిన చిక్కడపల్లి ఇంటికి మాత్రం వెనక 56 అడుగుల పొడుగూ, 30 అడుగుల వెడల్పూ గల నేల మిగిలింది. మిగిలిన నేలను ఊరికే ఉండనిచ్చే కాలమా ఇది? నెలకొక బిల్డరుగారు వచ్చి, కాఫీ పుచ్చుకుని, పెరటివైపు ఓ చూపు చూసి పోతూంటారు.

ఈ వేసవిలో మా అబ్బాయీ, మా అన్నయ్య కూతురూ కలిసి నా ముందొక అర్జీ పెట్టారు. పెరట్లో కృత్రిమ పచ్చిక పరిపించి ఆటస్థలం చెయ్యాలట. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. వీధిలో బంతి వేస్తే స్కూటరు కింద పడుతుంది. నారాయణగూడ వై.ఎం.సి.ఎ. దాకా పోవాలంటే రోడ్డు దాటించడానికి పెద్దవాళ్ళెవరైనా తోడుండాలి. వలలు కట్టిన అద్దె మైదానాలకు గంట లెక్కన పైకం చెల్లించాలి.

"గడ్డి కొని పరుచుకోవడమేమిట్రా! ఇన్నేళ్ళూ నడుం వంచి నేను పీకింది ఆ గడ్డినే గదా!" అంది మా అమ్మ.

ఈ గడ్డి పుట్టుక కథ వినదగ్గది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 1965లో ఆస్ట్రోడోమ్ అని పైకప్పు గల పెద్ద క్రీడాభవనం తెరిచారు. కప్పుకు వెలుగు దూరే పలకలు అమర్చారు. ఆ వెలుగు కళ్ళలో పడి ఆటగాళ్ళకు పైకి లేచిన బంతి కనబడలేదు. పలకలకు రంగు పూశారు. బంతి కనబడింది గాని, గడ్డి చచ్చిపోయింది. మరుసటి ఏడు మోన్‌శాంటో కంపెనీవారి నైలాన్ గడ్డి తెచ్చి పరిచారు. ఆ భవనం పేరుమీదనే అది ఆస్ట్రోటర్ఫ్ అయింది. పదేళ్ళు తిరిగేసరికి దాని సెగ మనకూ తగిలింది. 1975లో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్పు గెలిచిన మన హాకీ జట్టు, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానానికి జారింది. ఒలింపిక్ హాకీ కృత్రిమ పచ్చికమీద ఆడడం అదే మొదలు. మామూలు పచ్చికమీద నడక నేర్చిన పాదాలకు ఆ నేల పరాయి నేల అయింది.

సరే, కంట్రాక్టరు వచ్చాడు. టేపు పట్టి కొలిచి, కింద అంతా కాంక్రీటు పోసి పైన తివాచీ పరిచేస్తే పీడా వదిలిపోతుందన్నాడు.

"నేల నీళ్ళు తాగొద్దుట్రా?" అంది అమ్మ.

అమ్మ ప్రశ్న చిన్నదేం కాదు. మా బోరుబావి ఆ పెరట్లోనే ఉంది. ఎండాకాలం వస్తే మా వీధిలో టాంకర్ల బారు మొదలవుతుంది. వాన నీటికి దారి మూసేసి, ఆనక నీటికోసం టాంకరు వెంట పడడం ఏం తెలివి? అందుకని కాంక్రీటు వద్దన్నాం. పైమట్టి తీయించి, కంకర పోయించి, దానిమీద రాతిపొడి పరిపించి, రోలరుతో అణగదొక్కించాం. 50 అడుగుల పొడుక్కి అరడుగు వాలు పెట్టించి, పల్లపు కొసన ఇంకుడు గుంత తవ్వించాం. తివాచీ అడుగున చిల్లులుంటాయి. వాన నీరు వాటిలోంచి కంకరలోకి, అక్కణ్ణుంచి గుంతలోకి దిగుతుంది. చాపచుట్టల్లా వచ్చిన పచ్చికను పక్కపక్కన విప్పి, అతుకుల కింద పట్టీ వేసి జిగురుతో అంటించారు. పోగులు పడుకోకుండా సన్నని ఇసుక చల్లారు. బాడ్మింటన్ కోర్టు 44 అడుగుల పొడుగు, 20 అడుగుల వెడల్పు గనక అందులో హాయిగా ఇమిడింది. గాలి ఉన్న రోజున మెత్తని బంతితో క్రికెట్టు. మూల కరివేపాకు చెట్టు జోలికి ఎవరూ పోలేదు.

దీని గుణాలు చెప్పి దోషాలు దాచడం మర్యాద కాదు. బతికిన గడ్డి తాను తాగిన నీటిని ఆవిరిగా వదులుతూ చల్లబడుతుంది. ప్లాస్టిక్ గడ్డికి ఆ విద్య రాదు. మండువేసవిలో మిట్టమధ్యాహ్నం దానిమీద చెప్పుల్లేకుండా నిలబడితే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. సాయంత్రం ఆడాలంటే ముందు నీళ్ళు చిలకరించాలి. నీళ్ళడగని పచ్చిక అని చెప్పి అమ్మినవాడు ఈ సంగతి చెప్పలేదు సుమా! ఎనిమిది పదేళ్ళకు అరిగిపోయాక ఆ చుట్టలన్నీ ఏ చెత్తకుప్పకు చేరతాయో అన్న బెంగ నాకింకా తీరలేదు.

మా పెరటిగోడ అవతల ఒక హాస్టలుంది. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే కుర్రాళ్ళు ఉంటారు. ఆట మొదలైన నాలుగోనాడు ఒకతను పుస్తకం చంకనబెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గోలమీద ఫిర్యాదు కాబోలనుకున్నాను.

"సార్, పొద్దుటినుంచీ సెంట్రల్ లైబ్రరీలో కూచుని వస్తున్నాను. ఈ ఊరొచ్చి నాలుగేళ్ళయింది. బంతి ముట్టుకోలేదు. ఒక్క అరగంట..." అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అమ్మే, "లోపలికి రా నాయనా" అంది.

అప్పటినుంచి ఆరింటికి నలుగురైదుగురు వస్తారు. ఏడు కొట్టగానే ఆట బంద్. అవతల చదువుకునేవాళ్ళున్నారు గదా! మొన్న వచ్చిన బిల్డరుగారు ఆ ఆట చూస్తూ, "ఇంత చోటు వృథాగా పోతోందండీ" అన్నారు. కాఫీ ఇచ్చి పంపించాం.

గోడ వెంబడి రెండడుగుల మట్టి మాత్రం అమ్మ ఎవరికీ ఇవ్వలేదు. వానలు పడగానే అక్కడ గరిక లేచింది. వినాయక చవితినాడు తెల్లవారుజామున తానే వెళ్ళి కోసుకొచ్చి, పళ్ళెంలో పెడుతూ, "మీరు కొన్నదాంట్లో ఒక్క పోచైనా దేవుడికి పనికొస్తుందిట్రా?" అంది.

మా అబ్బాయి నవ్వేసి, ఆ పట్టీకి బకెట్టెడు నీళ్ళు మోసుకెళ్ళి పోశాడు.