కాంగ్రా లోయలో ఉప్పు జాడ

రాత్రి ఢిల్లీలో ఎక్కిన బస్సు తెల్లారేసరికి పాలంపూర్‌లో దించింది. ఎదురుగా ధౌలాధార్ కొండలు, నెత్తిన మంచు. కింద తేయాకు తోటలు, పలకరాతి కప్పుల ఇళ్లు. మార్చి నెల. మావైపు అప్పటికే ఎండ చురుక్కుమంటోంది, ఇక్కడేమో శాలువా కప్పుకున్నా వణుకు తగ్గలేదు. బస్టాండులో టీ చెప్పి, అలవాటుగా ముందు థైరాయిడ్ బిళ్ల మింగి, అరగంట ఆగాను. టీ చల్లారిపోయింది.

నౌపడ ఉప్పుమళ్ల పక్కన పెరిగినదాన్ని. ఇంత దూరం వచ్చింది మంచుకొండల కోసం కాదు, మా జిల్లా మనిషి ఒకాయన ఇక్కడ ఉప్పుతో చేసిన పని కోసం. ఆయన వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లొచ్చిన పాథాలజిస్టు. తర్వాత ఎయిమ్స్ డైరెక్టరూ, ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరలూ అయ్యారు. ఆ పదవుల కన్నా నాకు ఆసక్తి 1956లో ఆయన బృందం ఈ లోయలో మొదలుపెట్టిన పని మీద. అప్పటికి కాంగ్రా ఇంకా పంజాబులోనే ఉంది.

నన్ను ఊళ్లోకి తీసుకెళ్లినాయన ఆరోగ్యశాఖలో పనిచేసి రిటైరయ్యారు. దారి పొడుగునా రోడ్డు పక్కనే సన్నటి కాలువ గలగలమంటూ వస్తోంది. కూల్ అంటారట. మంచు కరిగిన నీళ్లు పొలాలకు తెచ్చే కాలువ. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు, అంత తేట. "ఈ తేటే మా కొంప ముంచిందమ్మా" అన్నారాయన. ఒకప్పటి హిమానీనదాలు, ఏటేటా వానలు కలిసి ఈ మట్టిలోని అయోడిన్‌ని కడిగి నదుల్లోకి, నదులు సముద్రంలోకి పట్టుకుపోయాయి. ఆ మట్టిలో పండిన గోధుమలో లేదు, ఆ నీళ్లలో లేదు, ఆ గడ్డి తిన్న ఆవు పాలలో లేదు.

గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ ముడిసరుకు. అది చేసే హార్మోను థైరాక్సిన్; దాని అణువు ఒక్కోదానిలో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. హార్మోను తక్కువైందని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పసిగట్టి, ఇంకా చెయ్యమని టీఎస్‌హెచ్‌ని పంపుతుంది. సరుకు లేకుండా పని ఎలా అవుతుంది? థైరాయిడ్ పాపం ఒళ్లు పెంచుకుని, రక్తంలో దొరికిన ప్రతి కణాన్నీ ఒడిసి పట్టుకోవాలని చూస్తుంది. ఆ పెరిగిన ఒళ్లే గాయిటర్. ఇక్కడి మాటలో గిల్లడ్. రామలింగస్వామి బృందం రేడియో అయోడిన్ ఇచ్చి చూస్తే, ఇక్కడివాళ్ల గ్రంథులు దాన్ని ఆకలిగొన్నట్టు లాగేసుకున్నాయి. మూత్రంలో మాత్రం అయోడిన్ అంతంతే. హిమాలయాల గాయిటర్‌కి అసలు కారణం అయోడిన్ కొరతేనని వాళ్లు 1961లో లాన్సెట్ పత్రికలో రాశారు.

ఇక ప్రయోగం. లక్షమందికి పైగా ఉన్న లోయ ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు: ఎ, బి, సి. ఎ, సి ఊళ్లకు అయోడిన్ కలిపిన ఉప్పు. ఒకదానికి పొటాషియం అయొడైడ్, ఇంకోదానికి పొటాషియం అయొడేట్. బి ఊళ్లకు మామూలు ఉప్పు. డాక్టర్లు ఊరూరా తిరిగి మెడలు తడిమారు. ఇలాంటి సర్వేలకు స్కానింగులు లేని రోజుల్లో కొలబద్ద ఏమిటో తెలుసా? ఎవరి మెడ చూస్తున్నారో వాళ్ల బొటనవేలే. గ్రంథి పక్క భాగం ఆ మనిషి బొటనవేలి చివరి కణుపు కన్నా పెద్దదిగా తగిలితే గాయిటర్ ఉన్నట్టు. కొలబద్దని ఎవరికి వాళ్లే చేతికి పెట్టుకుని వచ్చేవారన్న మాట. ఇది చదివిన రోజు నుంచీ నేను నా బొటనవేలు చూసుకుంటూనే ఉన్నాను.

ఆరేళ్లకి, అంటే 1962లో, మళ్లీ చూస్తే ఎ, సి ఊళ్లలో గాయిటర్ దాదాపు సగానికి పడిపోయింది. బి ఊళ్లలో ఎక్కడిదక్కడే ఉంది. ఆ ఏడాదే జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. బి ఊళ్లకూ అయోడిన్ ఉప్పు అందింది, అక్కడా వాపులు దిగాయి. మొత్తం లెక్క 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది.

ఈ బి ఊళ్ల సంగతే నన్ను కుదురుగా ఉండనివ్వదు. అమెరికాలో డేవిడ్ మెరీన్, కింబాల్ అనే పరిశోధకులు ఆక్రన్ ఊరి బడిపిల్లలకు అయోడిన్ ఇచ్చి ఫలితం చూపించింది మొదటి ప్రపంచయుద్ధం నాళ్లలోనే. స్విట్జర్లాండ్ 1922లోనే ఉప్పులో కలపడం మొదలెట్టింది. మందు తెలిసీ ఆరేళ్లపాటు కొన్ని ఊళ్లకు వట్టి ఉప్పు పంపడం న్యాయమా అని బస్సులో రాత్రంతా నాతో నేనే వాదించుకున్నాను. మన ఉప్పు స్విస్ ఉప్పు కాదు నిజమే. ముతకది, చెమ్మ పట్టేది, గోనెసంచుల్లో నెలలు నానేది. అలాంటి ఉప్పులో అయొడైడ్ ఎగిరిపోతుంది, అయొడేట్ నిలుస్తుంది. బి ఊళ్లు లేకపోతే, రోడ్లొచ్చాయి, తిండి మారింది, అందుకే తగ్గిందని ఫైలు పక్కన పెట్టేవారు. దేశమంతటికీ ఆధారం కావాలి. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ గర్భిణికి అయోడిన్ చాలకపోతే దెబ్బ మెడకే కాదు, కడుపులో బిడ్డ మెదడుకి కూడా. ఆ ఆరేళ్లలో బి ఊళ్లలో పుట్టిన పిల్లల మాట ఏ పట్టికలో రాస్తాం? మనుషుల మీద పరిశోధనకు హెల్సింకీ నియమావళి వచ్చింది 1964లో, ఇక్కడి పని మొదలైన ఎనిమిదేళ్లకి. అప్పటి లోకం తీరు అదని సరిపెట్టుకోవచ్చు. నాకు పూర్తిగా సరిపడలేదు.

ఊళ్లో ఎవరినడిగినా ఎ, బి, సి సంగతి తెలియదు. తమ ఊరికి ఒక అక్షరం ఉండేదని వాళ్లకెవరు చెప్పారు గనక? శిలాఫలకం లేదు, పేరు లేదు. బడి వదిలిపెట్టారు. పిల్లలు అరుచుకుంటూ మమ్మల్ని దాటిపోయారు. అందరి మెడలూ నున్నగా, సన్నగా ఉన్నాయి.

ఎనభై దాటిన ఒక మాతాజీ ఎండలో కూర్చుని ఉంది. గిల్లడ్ మాట ఎత్తగానే నవ్వింది. "మా అత్తకి ఇంత" అని పిడికిలి చూపించింది. "బావి దగ్గరకొచ్చే ఆడవాళ్లలో చాలామందికి ఉండేది. హారం దాని మీంచే వేసుకునేవారు. జబ్బని ఎవరనుకున్నారు? ఒకరికి ముక్కు పొడుగు, ఒకరికి మెడ లావు, అంతే."

ఆశా వర్కర్ ఒకామె చిన్న సీసా తెచ్చి, వాళ్ల వంటింటి ఉప్పు మీద రెండు చుక్కలు వేసింది. ఉప్పు నేరేడు రంగుకి తిరిగింది, అంటే అయోడిన్ ఉన్నట్టే. ఇంటికి చేరే ఉప్పులో పదిలక్షల పాళ్లకు కనీసం 15 పాళ్లు అయోడిన్ ఉండాలని లెక్క. రోజుకు పది గ్రాముల ఉప్పు తింటే 150 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది అంతే. పక్కింట్లో వేసిన చుక్కలకి రంగు రాలేదు. అది గులాబీ రంగు సైంధవ లవణం. ఆరోగ్యానికి మంచిదని చండీగఢ్ నుంచి కొడుకు పంపాడట. ఆశా వర్కర్ తల కొట్టుకుంది. నాకు మా ఇంటి ఆవకాయ గుర్తొచ్చింది. దానికి గళ్లుప్పు తప్ప ఇంకోటి వేస్తే మా అమ్మ ఊరుకోదు, ప్యాకెట్ ఉప్పు రంగు చెడగొడుతుందని ఆమె నమ్మకం. ప్రభుత్వానికీ ఈ విషయంలో నిలకడ లేదు. అయోడిన్ లేని తినే ఉప్పు అమ్మకాన్ని 1997లో నిషేధించి, 2000లో ఎత్తేసి, 2006 నుంచి మళ్లీ పెట్టింది.

మాతాజీ ఉండమంది, తిని వెళ్లాలంది. కబుర్లలో నా బిళ్ల సంగతి బయటపడింది. ఆమె లేచి వచ్చి, అడగకుండానే రెండు చేతులూ నా మెడ మీద వేసి తడిమింది. చల్లటి వేళ్లు. "ఏమీ లేదే! మీ ఊరి పక్కనే సముద్రమన్నావు, ఉప్పు మీరే చేస్తారన్నావు. మరి నీకెందుకు మందు?"

నాది అయోడిన్ కొరత కాదనీ, నా ఒంట్లోని రక్షణ కణాలే నా గ్రంథి మీద తిరగబడ్డాయనీ, హషిమోటో అంటారనీ, ఎంత ఉప్పు తిన్నా అది తగ్గేది కాదనీ నాకొచ్చిన హిందీలో చెప్పాను. సగం విందో లేదో, పొయ్యి మీద పప్పు పొంగుతోందని లోపలికి వెళ్లింది. గిన్నె దించి, మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బా తీసి, అప్పుడు వేసింది ఉప్పు. ముందే వేస్తే మరుగులో అయోడిన్ కొంత పోతుందట. ఆశా పిల్ల చెప్పిందట.