నల్ల తెర మీద ఉత్తరాలు

2020 మార్చి చివరి వారం, లాక్‌డౌన్ పడింది. అమీర్‌పేటలో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పాసు కోసం పోలీస్ స్టేషన్ ముందు లైన్లో నిలబడి, దొరికిన బండెక్కి సిద్దిపేట దాటి మా ఊరు చేరాను. లినక్స్ కోర్సు సగంలో ఆగింది. సొంత కంప్యూటర్ లేదు. చేతిలో ఉన్నదల్లా ఓ పాత ఆండ్రాయిడ్ ఫోను.

సంగతి విని అమెరికాలో ఉన్న బావ, "ఆ ఫోన్ల ఉన్నది లినక్సే కదా బామ్మర్దీ! టెర్మక్స్ ఎక్కించుకో, మెయిల్ కూడా అందులకెల్లే పంపు, కమాండ్లు చేతికొస్తయ్" అన్నాడు. టెర్మక్స్ అంటే ఫోన్లో కమాండ్లు కొట్టే టెర్మినల్ యాప్. మెయిల్‌కు ఆయన చెప్పిన ప్రోగ్రాము ఆల్పైన్. 1989లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన పైన్‌కు వారసురాలు. బావ అక్కడ ఎమ్మెస్ చేసేటప్పుడు ఆ పైన్‌లోనే ఉత్తరాలు చదివేవాడట.

ఎక్కించడానికి ఒక్క కమాండ్ చాలు. జీమెయిల్‌కు మాత్రం మామూలు పాస్‌వర్డ్ పనికిరాదు, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఫోను కీబోర్డులో కంట్రోల్ కీ ఉండదు కదా, టెర్మక్స్‌లో సౌండు తగ్గించే బటనే కంట్రోల్. ఉత్తరం రాశాక ఆ బటన్ పట్టుకుని ఎక్స్ కొడితే పంపాలా అని అడుగుతుంది, వై కొడితే వెళ్లిపోతుంది. బొమ్మల్లేని ఆ నల్ల తెర చూసి నాయన, "ఏందిరా, ఫోను కరాబైందా?" అన్నాడు.

అప్పుడు యాసంగి వరి కోతలు. కొనుగోలు కేంద్రాలు ఊళ్లలోనే పెట్టారు. రాత్రిళ్లు వడ్ల కుప్ప కాడ కావలి నాది. అక్కడ సిగ్నల్ ఒక గీత ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. ఆల్పైన్ ముందుగా పంపినవాళ్ల పేర్లు, సబ్జెక్టులే తెస్తుంది. తెరిచిన ఉత్తరమే దిగుతుంది, అటాచ్‌మెంట్ మనం అడిగితేనే వస్తుంది. ఆ ఒక్క గీతకు అంతకన్నా ఏం కావాలి?

తెలుగు దగ్గరే వచ్చింది తంటా. టెర్మినల్ తెరంతా సమానమైన గడులు. ఇంగ్లిషు అక్షరాలు వాటిలో బుద్ధిగా కూర్చుంటాయి, మన గుణింతాలూ ఒత్తులూ కూర్చోవు. బావ "అత్తమ్మ ఎట్లుంది" అని రాస్తే ఒత్తులన్నీ ఊడి పక్కకు పడ్డాయి. చేసేది లేక ఇద్దరం ఇంగ్లిషు లిపిలోనే తెలుగు రాసుకున్నాం. 1990లలో విదేశాల్లోని తెలుగువాళ్లు ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇట్లాగే రాసుకునేవారు. అప్పుడంటే యూనికోడ్ ఇంకా వాడుకలోకి రాలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే గతి అంటే నాకు కోపమే వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

అయినా కమాండ్లంటే బెరుకు పోయింది ఈ ఫోను మీదే. కంప్యూటర్ కొనే స్తోమత లేక లినక్స్ వాయిదా వేస్తున్న పిల్లలెవరైనా ఉంటే, ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి టెర్మక్స్ దించుకుని ఇవాళే మొదలుపెట్టండి. తెలుగు ఉత్తరాలకు మాత్రం మామూలు మెయిల్ యాప్ ఉంచుకోండి.