ఊపిరి బిగబట్టండి

నా ఉద్యోగం ఊపిరిని లెక్కలోంచి తీసేయడం. అలా చెప్తే నాన్న నవ్వుతాడు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని గుండె లయ తప్పే జబ్బు ఒకటుంది. తొడ దగ్గరి సిరలోంచి గుండెలోకి క్యాథెటర్ పంపి, ఊపిరితిత్తుల సిరలు ఎడమ పై గదిలో కలిసే చోట చుట్టూ కాలుస్తారు. అబ్లేషన్ అంటారు. ఎక్స్‌రే తెర మీద క్యాథెటర్ స్పష్టంగా కనిపిస్తుంది, గుండె గోడ మాత్రం కనపడదు. అందుకని ముందే తీసిన సీటీ స్కాన్‌లోంచి గుండె బొమ్మ తయారుచేసి ఆ తెర మీద పరిచే పద్ధతి ఒకటుంది.

చిక్కేమిటంటే, బొమ్మ కదలదు. గుండె కదులుతుంది. కొట్టుకోవడం వల్లే కాదు, ఊపిరి వల్ల కూడా. గుండె డయాఫ్రమ్ మీద ఆనుకుని ఉంటుంది కదా, అది దిగితే ఇదీ దిగుతుంది. మామూలు శ్వాసకే డయాఫ్రమ్ సెంటీమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కదులుతుంది. క్యాథెటర్ మందం చూస్తే 2, 3 మిల్లీమీటర్లు.

ఈ తేడాని మా ప్రోగ్రాం సవరిస్తుంది. కరోనరీ సైనస్ అనే సిరలో ఉన్న ఇంకో క్యాథెటర్ ఎటు జరిగితే బొమ్మని అటు జరుపుతాం. లేదంటే డయాఫ్రమ్ అంచుని పట్టుకుంటాం. ఎంఆర్ఐ వాళ్లది ఒక పాత లెక్కుంది: డయాఫ్రమ్ 10 మిల్లీమీటర్లు దిగితే గుండె 6 దిగుతుందని. అది సగటు మాత్రమే. మనిషి మనిషికీ మారుతుంది. ఒకే మనిషిలో కూడా పీల్చేటప్పుడు గుండె దిగే దారి, వదిలేటప్పుడు ఎక్కే దారి ఒకటి కావు.

పోయినేడాది నాన్నకి అబ్లేషన్ అన్నారు. స్కాన్‌లో కాసేపు ఊపిరి బిగబట్టాలి. ఇంట్లో సోఫాలో కూర్చోబెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ప్రాక్టీసు చేయించాను.

“15 సెకన్లు, నాన్నా.”

7కే దగ్గు. జిన్నింగ్ మిల్లులో ముప్ఫయ్యేళ్లు పత్తి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులవి. రెండోసారి 9. మూడోసారి బుగ్గలు పూరించి, ముక్కుతో దొంగతనంగా పీలుస్తూ దొరికిపోయాడు.

“నీకు తెలిసిపోతుందా?” అని నవ్వాడు. కాసేపాగి, “ఆపితే మళ్లీ రాదేమోనని భయమమ్మా” అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ప్రోగ్రాంని పరీక్షించిన డేటాలోంచి 11 మందిని నేనే తీసేశాను. వాళ్ల పక్కన ‘బ్రెత్ హోల్డ్ ఫెయిల్’ అని రాసుంటుంది. పేర్లుండవు, నంబర్లే. అందులో ఎవరు ఏ మిల్లులో పనిచేశారో నేనెప్పుడూ ఆలోచించలేదు. పనికిరాని స్కాన్లనుకున్నాను, అంతే. నా ప్రోగ్రాం బాగా పనిచేసేది ఊపిరి ఆపగలిగిన వాళ్లకి. దాని అవసరం ఎక్కువున్నది ఆపలేని వాళ్లకి.

నాన్న స్కాన్ కాస్త మసకగా వచ్చింది. అబ్లేషన్ రోజు డాక్టరు ఆ బొమ్మని పూర్తిగా నమ్మలేదు. ప్రతిసారీ నాన్న ఊపిరి వదిలేదాకా ఆగి, అప్పుడు చూసుకుని కదిపాడట. చాలాసేపు పట్టింది. ఇప్పుడు లయ బానే ఉంది.

ఆఫీసుకెళ్లాక ఆ 11 మందినీ మళ్లీ చేర్చాను. సగటు ఎర్రర్ పెరిగింది. పేపర్లో ఆ అంకె బాగోదన్నారు. నిజమే, బాగోదు. అలాగే ఉంచాను.