మిద్దె మీద బాసెల్

కర్నూలు బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఎక్కేసరికి సాయంత్రం నాలుగున్నర. 2025 మే 17, శనివారం. ఒళ్లో అట్టపెట్టె, దాంట్లో హైదరాబాదులో అద్దెకు తీసుకున్న ప్రొజెక్టరు. గతుకు వచ్చినప్పుడల్లా పెట్టెను రెండు చేతులతో పైకి లేపి పట్టుకుంటున్నాను. పక్క సీట్లో పెద్దాయన కోడుమూరు దాకా ఊరుకుని, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఏముందప్పా దాంట్లో, గుడ్లా?"

"సినిమా వేసే మిషను తాతా. పాటల పోటీ చూసేదానికి తీస్కపోతాండా."

"యాడ పోటీ?"

"స్విట్జర్లాండులో. చూసేది మాత్రం పెద్దకడుబూరులో."

ఆయన కాసేపు కిటికీ బయటికి చూసి, "మన భజన పోటీల మాదిరా?" అన్నాడు. ఔనన్నాను. అంతకంటే దగ్గరి మాట నాకూ తోచలేదు. ఊరూరి బృందాలు ఒక గుడి ముందర చేరి, రాత్రంతా ఒకరి తర్వాత ఒకరు పాడి, తెల్లారగట్ల బహుమతి ఎవరికిస్తారా అని కాచుకుని కూర్చుంటాయి కదా, యూరోవిజన్ అనే ఈ పాటల పోటీ కూడా అంతే. గుడికి బదులు ఒక నగరం, ఊళ్లకు బదులు దేశాలు.

1956లో ఆ స్విట్జర్లాండులోనే, లుగానో అనే ఊళ్లో, ఏడు దేశాలతో మొదలైంది. కరోనా వచ్చిన 2020లో తప్ప ఏటా జరుగుతూనే ఉంది. పాట మూడు నిమిషాలు దాటకూడదు. వేదిక మీద ఆరుగురికి మించి ఉండకూడదు. గెలిచిన దేశమే మామూలుగా మరుసటేడు పోటీ జరుపుతుంది. 2024లో నెమో పాడిన పాట స్విట్జర్లాండును గెలిపించినందుకే ఈసారి బాసెల్ నగరం. వీటన్నిటికంటే నాకు ఇష్టమైన నియమం ఇంకొకటుంది. ఎవరూ తమ దేశం పాటకు తాము ఓటు వేసుకోకూడదు. పక్కవాడి పాట విని తీరాలి.

ఆ నియమం విలువ 2010లో నాకు తెలియదు. అప్పుడు ఆదోనిలో చదువుకునేవాళ్లం, ఐదుగురం. ఇండియన్ ఐడల్ ఐదో సీజన్లో మన శ్రీరామచంద్ర ఫైనలుకు వచ్చాడు. అంతకుముందు అదే పోటీలో కారుణ్య రెండో స్థానంతో ఆగిపోయిన బాధ మనసులో ఉండనే ఉంది. సెల్లులో డబ్బులు అయిపోయేదాకా ఎస్సెమ్మెస్‌లు కొట్టాం. ఆగస్టు 15 రాత్రి శ్రీరామచంద్ర గెలిచినప్పుడు వీధిలోకి పరుగెత్తి అరిచాం. ఆ రాత్రి పోటీలో భూమి త్రివేది కూడా ఉంది. ఆమె ఏం పాడిందో మా ఐదుగురిలో ఒక్కరికీ గుర్తులేదు, ఎందుకంటే మేం విననే లేదు. 2013లో 'రామ్‌లీలా' సినిమాలో ఆమె గొంతు విని, ఈమెనా ఆ రోజు మేం వినకుండా వదిలేసింది అని నొచ్చుకున్నాను. ఆ నొప్పి ఇప్పటికీ ఉంది.

2021 మే నెలలో, కరోనాకు భయపడి గదిలో తలుపులు మూసుకుని ఉన్నప్పుడు, యూట్యూబులో ఇటలీ రాక్ బృందం మోనెస్కిన్ గెలిచిన పాట కంటపడింది. అక్కడ మనవాళ్లంటూ ఎవరూ లేరు. ఎవరు ఓడినా నాకు పోయేదేమీ లేదు. పాటను పాటగా వినడం అప్పుడే మొదలుపెట్టాననిపిస్తుంది. 2023 నుంచి పోటీలో లేని దేశాలవాళ్లకూ ఆన్‌లైన్లో ఓటు ఇచ్చారు. ప్రపంచంలో మిగిలినవాళ్లందరి ఓట్లూ కలిపి ఒక దేశం ఓటు కింద లెక్క. ఆ లెక్కలో మా ఊరూ ఉంది. ఫోన్లో ఈ మాట చెబితే ఆదోని మిత్రులు, "అయితే ఈసారి మన మిద్దె మీదే చూద్దాం రా" అన్నారు.

ఎమ్మిగనూరులో దిగేసరికి మోటారు సైకిలు వేసుకుని వచ్చి ఉన్నాడు మాలో ఒకడు. తెర కోసం తెల్ల దుప్పటి కొన్నాం. 1938లో మాచాని సోమప్ప చేనేత సంఘం పెట్టిన ఊళ్లో దుప్పటి ఎంచడం తేలిక కాదు. మావాడు నేతను వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు ఎత్తి చూసి, "ఇది దట్టంగుంది, బొమ్మ నిలుస్తాది" అన్నాడు.

పెద్దకడుబూరు దారిలో చీకటి పడింది. ఎదురొచ్చిన ట్రాక్టరులో కన్నడ పాట. ఊళ్లోకి పోతే ఒక ఇంట్లో తెలుగు సీరియలు, ఇంకో ఇంటి ముందర ఉర్దూ మాటలు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. భాష తెలియకపోయినా పాట వినడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. యూరోవిజన్ మావాళ్లకు కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఇదేనేమో.

మన టైము ప్రకారం రాత్రి పన్నెండున్నరకు మొదలు. మిద్దె మీద నీళ్లు చల్లి చాపలు పరిచాం. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఒక గంపెడు బొరుగులు. పిట్టగోడకు అటూ ఇటూ వెదురు కట్టెలు కట్టి దుప్పటి బిగించాం. ఎస్టోనియా కాఫీ పాటకు అందరం నవ్వాం. ఎనిమిది పాటలు సజావుగా సాగాయి. తొమ్మిదోది ఆస్ట్రియా. నలుపు తెలుపుల్లో తుఫాను సముద్రం, దాంట్లో చిన్న పడవ, పడవలో గాయకుడు జేజే. సరిగ్గా అప్పుడే మా మీదికీ గాలి లేచింది. దుప్పటి తెరచాపలాగా ఉబ్బింది. కరెంటు పోయింది.

ఐదు తలలూ ఒక ఫోను మీద వాలాయి. అంత చిన్న తెరలోంచి ఆ మగగొంతు ఆడవాళ్ల శ్రుతికి ఎక్కి, అక్కడ నిలబడి, చివర్న దడదడలాడే లయలో మునిగిపోయింది. జేజే వియన్నా ఒపెరాలో పాడే మనిషి. "ఏం పాడుతాండాడు రా!" అన్నాడు దుప్పటి కొన్నవాడు. ఇంకెవరూ నోరు తెరవలేదు.

గాలికి లేచి ఆ ఇంటి అవ్వ పైకి వచ్చింది. అప్పుడు లాత్వియా వంతు. ఆరుగురు ఆడవాళ్లు ఒకే పదాన్ని పట్టుకుని, ఒకరి గొంతు మీద ఒకరు వేసుకుంటూ పాడుతున్నారు. అదృష్టం కలగాలని కోరే పాట. అవ్వ ఫోను చెవికి దగ్గరగా పెట్టించుకుంది. "ఇది మేము వడ్లు దంచేటప్పటి పాట మాదిరుండాదే. వీళ్లు యా ఊరోళ్లు?" చెప్పాను. "ఆడ గూడా దంచుతారన్నమాట" అని, మెట్ల మీదే కూర్చుని చివరిదాకా విని పోయింది.

కరెంటు వచ్చింది. ఇరవై ఒకటో పాట పోర్చుగల్‌ది, నాపా బృందం పాడింది. గిటారు పట్టుకున్న మామూలు పిల్లలు, హంగు తక్కువ. మదీరా అనే దీవిలో పుట్టి, బతుకు కోసం పెద్ద నేలకు వచ్చి, అక్కడ కాలు కుదురుకోనివాడి పాట అది. మాలో కరెంటు పని చేసేవాడు ముందుకు వంగి కూర్చున్నాడు. చిన్నప్పుడు వాడి అమ్మానాయనా ఏటా గుంటూరు వైపు మిరపకాయలు కోసేదానికి సుగ్గికి పోయేవాళ్లు. వాణ్ని కూడా తీసుకుపోయేవాళ్లు. బడిలో వాడి చోటు నెలల తరబడి ఖాళీగా ఉండేది. పాట అర్థం నేను ఇంకా చెప్పలేదు.

"ఊరు యిడిసిపెట్టిన పాటనా?" అన్నాడు.

"ఔను. నీకెట్ల తెలిసింది?"

"వాని మొగం చూడు."

ఓటు పోర్చుగల్‌కే అన్నాడు. వాడి కార్డు విదేశీ చెల్లింపులకు పనిచేయలేదు, నాది తీశాను. ఓటీపీ రాదు. మిద్దె మీద సిగ్నలు దొరికే మూల నీళ్ల తొట్టి పక్కన ఉందని వాడు తొట్టి మీదికి ఎక్కి ఫోను పైకెత్తి నిలబడ్డాడు. అంకెలు వచ్చాయి. ఒక్కొక్కటీ గట్టిగా చదివి నాకు చెప్పాడు. డబ్బులు కట్ అయ్యాయి, ఓటు పడింది. కిందికి దిగి ఫోను నా చేతిలో పెట్టాడు.

తెల్లవారుజామున లెక్కింపు ముగిసింది. ఆస్ట్రియా 436 పాయింట్లతో గెలిచింది. జేజే ఏడ్చాడు. ఇరవై ఆరు దేశాల్లో పోర్చుగల్‌ది 21వ స్థానం.

వాడు బొరుగులు నములుతూ, "ఉండనీలే, మన ఓటు వాళ్లకి ముట్టింది గదా" అన్నాడు.

తెల్లారి ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరాం. ఎమ్మిగనూరు దాకా వాడే బండి మీద దింపాడు. చొక్కా జేబులో ఫోను పెట్టుకుని అదే పాట పెట్టాడు. గాలికి మాటలు వినబడటం లేదు. అయినా ఎక్కడ గొంతు పైకి లేస్తుందో అక్కడ, మాటలు లేకుండా, వాడూ కలుస్తున్నాడు. వెనక కూర్చుని ప్రొజెక్టరు పెట్టెను గట్టిగా పట్టుకున్నాను.