డప్పు మోత డబ్బాలో పడుతుందా?

రావులపాలెం దాటామో లేదో కొబ్బరిచెట్లు బస్సును చుట్టేశాయి. కొత్తపేట, ఆపైన అంబాజీపేట దగ్గర జగ్గన్నతోట. కనుమనాడు ఏకాదశ రుద్రుల ప్రభలు చేరే చోటు. ఆ డప్పుల హోరు విన్నవాళ్ళకి వేరే చెప్పాలా!

నాతో వచ్చిన కీబోర్డు కుర్రాడి ధ్యాసే వేరు. "రాబోయే సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా దొరుకుతుందండీ" అంటాడు. 1983 నాటి మిడి పద్ధతిలో దెబ్బ బలానికి 127 మెట్లే. 2020లో వచ్చిన మిడి 2.0లో 65 వేల పైచిలుకు! 2024లో లాజిక్ ప్రో పాటలోంచి డ్రమ్స్‌ని విడదీయడమూ నేర్చింది. రేపు సన్నాయి గమకాన్నీ పట్టేస్తుందేమో, నాకు నమ్మకమే. మరి మంట దగ్గర డప్పు కాచి శ్రుతి చూసుకునే పెద్దాయనకి పై ఏడు పిలుపొస్తుందా? అదే అడిగాను.

"కరెంటు పోతే మళ్ళీ మేమే కదండీ!" అని నవ్వేసి, డప్పు ఇటు తిప్పాడు.